పెళ్లి కాగితాలు: రుక్కా మొదలు నిఖానామా వరకు

పెళ్లి నిశ్చయం కాగానే మన ఇళ్లలో మొదట లేచే మాట కార్డుల మాట. ఎన్ని కొట్టించాలి, ఎక్కడ కొట్టించాలి, ఉర్దూలోనా తెలుగులోనా, కవరు మీద చెమ్కీ ఉండాలా వద్దా అని వారం పది రోజులు ఇల్లంతా ఒకటే చర్చ. ఫూఫీ ఒక రంగంటుంది, మామూ ఇంకో రంగంటాడు. చివరికి కుర్రవాళ్లు ఫోనులో చూపించినదే ఖాయమవుతుంది.

అదే పెళ్లిలో ఇంకొక కాగితం ఉంది. దాన్ని గురించి ఎవరూ చర్చించరు. నిఖా రోజున ఖాజీ సాహెబ్ సంచిలోంచి తీసిన పుస్తకంలో ఖాళీలు నింపుతారు. వకీలు, సాక్షులు సంతకాలు చేస్తారు. అమ్మాయి ముసుగులోంచి చెయ్యి చాచి, చూపించిన చోట సంతకం పెడుతుంది. ఆ కాగితం నిఖానామా. కార్డు ఆయుష్షు వలీమా దాకా. నిఖానామా ఆయుష్షు ఆ ఇద్దరి జీవితమంతా, ఒక్కొక్కసారి వారి తర్వాత బిడ్డల జీవితమంతా కూడా.

మన పూర్వీకుల పెళ్లి కాగితాలు ఎలా ఉండేవి, అందమూ ఖర్చూ ఏ కాగితం మీద పెట్టేవారు, నేడు మనం ఏ కాగితం మీద పెడుతున్నాం అనే సంగతిని సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు చరిత్ర ఆధారంగా మనవి చేయడమే ఈ వ్యాస ఉద్దేశం. రాబోయే పెళ్లిళ్లకు పనికివచ్చే కొన్ని ఆలోచనలు చివర పొందుపరిచాను.

పిలుపు కాగితం లేని రోజులు

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పేరుమోసిన వర్తకులు. మక్కా నుంచి మదీనాకు వలస వచ్చిన తర్వాత ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. ఆ సంగతి మహాప్రవక్త (స) వారికి ఎలా తెలిసిందో హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయన బట్టల మీద పసుపుపచ్చని సుగంధపు మరక చూసి ఏమిటని అడిగారు. పెళ్లి చేసుకున్నానని ఆయన చెప్పారు. అప్పుడు ప్రవక్త (స) వేసిన ప్రశ్న, మెహర్ ఎంత ఇచ్చావని. ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం ఇచ్చానని జవాబు. ఆశీర్వదించి, ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమని చెప్పారు.

ఈ ఉదంతాన్ని వలీమా గురించి మన వక్తలు తరచుగా చెబుతారు. కాగితం సంగతిలో కూడా ఇది గొప్ప పాఠమే. నన్నెందుకు పిలవలేదనే మాట ప్రవక్త (స) నోటి వెంట రాలేదు. మెహర్ సంగతి మాత్రం అడిగి తెలుసుకున్నారు. ఏది ముఖ్యమో, ఏది కాదో అక్కడే తేలిపోయింది.

మన ప్రాంతంలో కూడా పెళ్లి పిలుపు చాలాకాలం నోటిమాటే. ఇంటింటికీ వెళ్లి, ఇలాయిచీలు చేతిలో పెట్టి పిలిచిన కాలం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఇలాయిచీ అందుకున్నారంటే పిలుపు అందుకున్నట్టే. చదువు రానివారికి, చూపు ఆననివారికి కూడా అది సమానంగా అందే పిలుపు.

కాగితం మన దాకా వచ్చిన దారి

751లో తలాస్ యుద్ధం జరిగిన తర్వాత చీనా దేశపు కాగితం విద్య సమర్‌ఖండ్‌లో స్థిరపడిందని చెబుతారు. 8వ శతాబ్దం ముగిసేలోగా బాగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. పాత గుడ్డపేలికలు, జనుము, నార నానబెట్టి, దంచి, గుజ్జుచేసి, జల్లెడ మీద పలచగా పరిచి ఆరబెట్టేవారు. ఆరిన తర్వాత గంజి పట్టించి నున్నని రాయితో రుద్దితే, కలం జారిపోయేంత నునుపు వచ్చేది.

దక్కనులో దౌలతాబాద్ పక్కనే కాగజీపురా అనే ఊరుంది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327 ప్రాంతంలో రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు మార్చినప్పుడు వెంట వచ్చిన కాగితం పనివారు అక్కడ స్థిరపడ్డారని సంప్రదాయం. కాగితం మీద బంగారు పొడి చల్లితే జర్ అఫ్షాన్. నీటి మీద రంగులు తేలించి, మబ్బుల్లాంటి తీగల్లాంటి చారలను కాగితానికి పట్టిస్తే అబ్రీ. 17వ శతాబ్దంలో బీజాపూర్ వైపు అబ్రీ కాగితంతోనే బొమ్మలు తీర్చిన పనివారుండేవారు. నేడు కార్డుల దుకాణాల్లో ‘మార్బుల్ డిజైన్’, ‘గోల్డ్ డస్ట్’ అని చూపించేవి ఈ పాత విద్యలకు మనుమలు, మునిమనుమలే.

ఆ కాగితంతో పాటే మాటలు కూడా తెలుగులోకి వచ్చాయి. కాగితం అనే మాటే కాగజ్ నుంచి వచ్చింది. కలం, దస్తావేజు, నకలు, రసీదు, దఫ్తరు, ఖరారునామా, ఇవన్నీ పారశీక, అరబ్బీ మూలాల నుంచి వచ్చి, ఏ మతస్తుడైనా రోజూ పలికే తెలుగు మాటలైపోయాయి. రాతకోతల విషయంలో ఈ నేల మీద మనవాళ్లు ఎంత నమ్మకం సంపాదించారో ఈ మాటలే సాక్ష్యం. అటువంటి వారసులమైన మనం సొంత ఇంటి పెళ్లి దస్తావేజును చదవకుండా సంతకం పెట్టడం ఏమి న్యాయం?

నిఖా రాత ఎందుకు?

నిఖా చెల్లడానికి ఈజాబ్, ఖుబూల్, సాక్షులు కావాలి. రాత లేకపోయినంత మాత్రాన నిఖా చెడదు. అయినా ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు (2:282) అప్పు వ్యవహారాన్ని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పే ఆయతే. స్త్రీలకు వారి మెహర్‌ను సంతోషంగా ఇచ్చివేయాలని 4:4లో ఆదేశముంది. పెళ్లిని గట్టి ఒడంబడికగా 4:21 పేర్కొన్నది. పది రూపాయల అప్పుకు నోటు రాయించుకునే మనిషి, జీవితకాలపు ఒడంబడికను మాటమీద వదిలేయడం వివేకం అనిపించుకోదు కదా!

మన పూర్వీకులు ఆ వివేకం చూపించారు. ఈజిప్టులో 9వ శతాబ్దంలో పపైరస్ మీద రాసిన నిఖా ఒప్పందాలు నేటికీ మిగిలి ఉన్నాయి. అదే దేశంలో మమ్లూకు సుల్తానుల కాలంలో (1250–1517) బట్ట మీద రాసిన ఒప్పందాలు కొన్ని కైరోలోని ఇస్లామీ కళల మ్యూజియంలో ఉన్నాయి. 19వ శతాబ్దపు ఇరాన్‌లో నిఖానామా చుట్టూ బంగారు రంగుతో, నీలి రంగుతో పూలతీగలు చిత్రించేవారు. అంటే పెళ్లి తాలూకు అందమైన కాగితం అంటే వారి దృష్టిలో నిఖానామాయే.

ఇంకొక జాగ్రత్త చూడండి. పాత దస్తావేజుల్లో సొమ్ము రాసేటప్పుడు మొత్తంతో పాటు ‘ఇందులో సగం ఇంత’ అని కూడా రాసేవారు. వెయ్యి అయితే, సగం అయిదు వందలు అని. తర్వాత ఎవరైనా ఒక సున్నా దిద్దితే సగం లెక్క తప్పి దొంగతనం బయటపడుతుంది. మన తెలుగు దస్తావేజుల్లో అంకె పక్కన ‘అక్షరాలా’ అని రాయడం కూడా అటువంటి జాగ్రత్తే.

సూరత్ షరతులు

మన దేశానికి సంబంధించి చాలా విలువైన ఆధారం సూరత్ నగరానిది. మొగలుల కాలంలో సూరత్ పెద్ద ఓడరేవు. 17వ శతాబ్దం మొదటి భాగానికి చెందిన అక్కడి దస్తావేజుల సంపుటి ఒకటి పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరింది. అందులో నిఖానామాలు కూడా ఉన్నాయి. చరిత్రకారిణి షిరీన్ మూస్వీ వాటిని పరిశీలించి లోకానికి తెలియజేశారు.

ఆ నిఖానామాల్లో మెహర్‌తో పాటు నాలుగు షరతులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఈమె ఉండగా రెండో పెళ్లి చేసుకోకూడదు. దెబ్బలు తగిలేలా కొట్టకూడదు. ఖర్చులకు ఏర్పాటు చేయకుండా ఎక్కువ కాలం ఊరు విడిచి వెళ్లకూడదు. బానిస స్త్రీని ఉంపుడుగత్తెగా పెట్టుకోకూడదు. పెళ్లికొడుకు వీటిని ఒప్పుకున్నట్టు ఖాజీ దఫ్తరులో రాత. మాట తప్పితే భార్య చేతిలో పట్టు ఉండేది.

ఆడపిల్ల హక్కుల మాట ఈమధ్యనే పుట్టిందని, బయటివాళ్లు నేర్పితే మనం నేర్చుకున్నామని అనుకునేవారు ఈ సూరత్ కాగితాలను తలుచుకోవాలి. సుమారు 400 సంవత్సరాల కిందట, ఓడలు నడిపే ఊళ్లో, మన మతం వారే, మన ఖాజీల ముందే, తమ కూతుళ్ల కోసం రాయించుకున్న షరతులివి. మూడో షరతు చదివితే, గల్ఫ్ దేశాలకు భర్తలను పంపి ఇక్కడ ఎదురుచూసే మన ఇళ్లలోని ఆడవాళ్లు గుర్తురాక మానరు.

గోల్కొండ చూపిన రెండు భాషల దారి

ఇక మన సొంత గడ్డకు వద్దాం. గోల్కొండ కుతుబ్‌షాహీలు తెలుగును ఆదరించారనే విషయం అందరికీ విదితమే. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలుచుకున్నారు. అయితే ఆ ఆదరణ కవిత్వానికే పరిమితం కాలేదు. 17వ శతాబ్దంలో అబ్దుల్లా కుతుబ్‌షా, అబుల్ హసన్ తానీషా ఇచ్చిన ఫర్మానాల్లో పారశీకంతో పాటు తెలుగు కూడా ఉన్నవి దొరికాయి. ఒకే కాగితం, రెండు భాషలు. కారణం సులభమే. ఆజ్ఞను అమలుచేసే ఊరి పెద్దకు, కరణానికి, రైతుకు అది అర్థం కావాలి. అర్థం కాని ఆజ్ఞ ఎవరికి ఉపయోగం?

ఈ ఆలోచన మన నిఖానామాకు ఎందుకు పనికిరాదు? కోస్తా, రాయలసీమ జిల్లాల్లో, తెలంగాణ పల్లెల్లో ఉర్దూ మాట్లాడినా చదవలేని మన పిల్లలు ఎందరో ఉన్నారు. దూదేకుల సోదరుల ఇళ్లలో తల్లిభాషే తెలుగు. అటువంటి అమ్మాయి ముందు ఉర్దూ అక్షరాల కాగితం ఒకటి పెట్టి సంతకం పెట్టమంటే, ఆమె చూసేది అక్షరాలను కాదు, సంతకానికి వదిలిన ఖాళీని. సుల్తాను రైతు కోసం చేసిన పని, తండ్రి కూతురి కోసం చేయలేడా?

మన ప్రాంతం నుంచి ఇంకో పెద్దమనిషిని కూడా స్మరించుకోవాలి. ఏలూరులో పుట్టిన జాఫర్ షరీఫ్ దక్కను ముసల్మానుల ఆచారాలన్నిటినీ, పుట్టుక మొదలు చావు వరకు, దక్ఖినీ భాషలో రాసిపెట్టారు. మద్రాసు సర్కారు కొలువులోని డాక్టర్ హెర్‌క్లాట్స్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చగా 1832లో లండన్‌లో ‘ఖానూనె ఇస్లాం’ అనే పేరుతో అచ్చయింది. 1921లో మరోసారి సవరించి ప్రచురించారు. మెహందీ, సాంచఖ్, షబ్‌గష్త్, జల్వా వంటి మన పెళ్లి ముచ్చట్లన్నీ అందులో వివరంగా ఉన్నాయి. రాసి పెట్టిన మనిషి ఉండబట్టే ఆనాటి మన ఇళ్ల సంగతులు ఈనాడు మనకు తెలుస్తున్నాయి. రాతకున్న విలువ అది.

రుక్కా అచ్చుకెక్కిన కథ

పెళ్లిపిలుపు కాగితాన్ని మనవాళ్లు రుక్కా అంటారు. దావత్‌నామా అన్నా అదే. పూర్వం గొప్ప ఇళ్లవారే చేతితో రాయించి పంపేవారు. సామాన్యుడికి రుక్కా అందుబాటులోకి వచ్చింది రాతి అచ్చుతో.

1796 ప్రాంతంలో జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాసి అచ్చుతీసే విధానం కనిపెట్టారు. 19వ శతాబ్దం మొదటి భాగంలో అది మన దేశానికి వచ్చింది. ఉర్దూకు ఇది వరంలా తోచింది. ఎందుకంటే ఉర్దూ రాసే నస్తాలిఖ్ లిపిలో అక్షరాలు బల్లపరుపుగా కూర్చోవు. పైనుంచి కిందికి వాలుగా, ఒకదాని మీద ఒకటి జారుతూ వస్తాయి. ఒక్కొక్క అక్షరానికి ఎన్నో రూపాలు. సీసపు అచ్చులతో ఆ వంపు తేవడం బహు కష్టం. రాతి అచ్చుకు ఆ బాధ లేదు. కాతిబ్ సాహెబ్ పూతపూసిన కాగితం మీద వెదురు కలంతో రాస్తే, ఆ రాతే రాయికెక్కి, రాయి నుంచి వందల కాగితాలకు ఎక్కేది. అచ్చు అయినా చేతిరాత అందం పోలేదు.

హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తా బజార్ ఈ పనికి పేరుపడింది. ఒక పక్క అచ్చుయంత్రాలు, ఒక పక్క కార్డుల దుకాణాలు, వాటి మధ్య మోకాలి మీద పలక పెట్టుకుని రాసే కాతిబ్‌లు. ఎన్నో జిల్లాల నుంచి పెళ్లివారు అక్కడికి వచ్చేవారు.

ఆ రుక్కాలకు ఒక భాష ఉండేది. పెళ్లికొడుకు ‘నూరె నజర్’, అంటే కంటివెలుగు. పేరు పక్కన ‘సల్లమహూ’, అల్లాహ్ క్షేమంగా ఉంచుగాక అని దువా. పెళ్లి ‘అఖ్దె మస్‌ఊద్’, శుభమైన ముడి. చివర ‘చష్మ్ బరాహ్’, అంటే మీ రాక కోసం దారిమీద కళ్లు పెట్టుకున్నవారు అని బంధువుల పేర్లు. పిలిచే పెద్ద ‘అద్దాయీ’. ఎంత మర్యాద, ఎంత తీపి! అయితే చాలా రుక్కాల్లో పెళ్లికూతురి పేరు మాత్రం ఉండదు. ‘దుఖ్తరె నేక్ అఖ్తర్’, మంచి నక్షత్రాన పుట్టిన కుమార్తె అని ఊరుకుంటారు. పరదా మర్యాద కొద్దీ అలా చేశారు. నిఖానామాలో అలా కుదరదు. అక్కడ అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఆమె ఒప్పుదల, ఆమె మెహర్ ఉండి తీరాలి. కార్డు మీద కనిపించని అమ్మాయి నిఖానామాలో సగభాగస్తురాలు. ఈ రెండు కాగితాల మధ్య తేడా అంతా ఇందులోనే ఉంది.

సెహ్రా కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి. పెళ్లికొడుకు మీద చదివే పద్యాన్ని అందమైన కాగితం మీద అచ్చువేయించి పంచడం మన సభల్లో ఆనవాయితీ. 1852లో బహదూర్ షా జఫర్ కుమారుడు జవాన్ బఖ్త్ పెళ్లికి గాలిబ్, జౌఖ్ ఇద్దరూ సెహ్రాలు రాయడం, ఆ రెంటి మధ్య పోటీ రగలడం సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. ఊళ్లలోని చిన్న కవులకు కూడా ఎవరి పెళ్లి సెహ్రానో అచ్చులో తమ పేరు చూసుకునే భాగ్యమయ్యేది.

1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ ప్రయత్నంతో నూరీ నస్తాలిఖ్ కంప్యూటర్ అక్షరాలు వచ్చాయి. వేలకొలది పదాల ముక్కలను చేతితో రాసి యంత్రానికి ఎక్కించారు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. దానితో గంట పని నిమిషాల్లోకి దిగింది. కాతిబ్‌ల కలాలు ఒక్కొక్కటే పక్కకు చేరాయి. మేలు కొంత, నష్టం కొంత. నేడు వాట్సాప్‌లో బొమ్మ రుక్కా వస్తున్నది. ఖర్చు లేదు, తప్పు పట్టనవసరమూ లేదు.

నేటి పరిస్థితి

కాగితం చవకయ్యేకొద్దీ రుక్కా మందమైంది. ఒక ఆకు రెండైంది, రెండు నాలుగయ్యాయి, తర్వాత పెట్టె అయింది. పెట్టెలో మిఠాయి, మఖ్మల్ గుడ్డ చేరాయి. దాని మీద బంగారు రంగులో ఆయతులు అచ్చువేస్తున్నారు. పెళ్లి అయిన మూడోరోజు ఆ కార్డు ఎక్కడుంటుంది? పాత కాగితాలవాడి తక్కెడలోనో, చెత్తకుప్పలోనో. పవిత్ర వాక్యానికి పట్టే గతి అదా? బిస్మిల్లా అక్షరాల అబ్జద్ లెక్క 786 అని వేసే అలవాటు కొంతవరకు ఈ భయంతోనే ప్రబలింది. ఆ అంకె మీద ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. భయం మాత్రం సరైనదే.

మరోవైపు నిఖానామాలో ‘మెహర్’ అని ఒక ఖాళీ. దాని పక్కన ‘ముఅజ్జల్’ అనే మాట. ఇక్కడ ఒక చిక్కుంది. అరబ్బీలో ‘ఐన్’ అక్షరంతో రాస్తే ముఅజ్జల్ అంటే వెంటనే, అడిగినప్పుడు ఇవ్వవలసిన మెహర్. ‘హమ్జా’తో రాస్తే ముఅజ్జల్ అంటే తర్వాత, అంటే తలాఖ్ గాని మరణం గాని సంభవించినప్పుడు చెల్లవలసిన మెహర్. మన నోట రెండూ దాదాపు ఒకేలా పలుకుతాయి. ఒక్క అక్షరం తేడాతో అర్థం తలకిందులు. సభలో ఖాజీ సాహెబ్ చదివినప్పుడు ఎంతమందికి ఏ ముఅజ్జలో తెలుస్తుంది? భర్త పోయిన తర్వాత ఆమె నా మెహర్ అని అడిగితే, బాకీ ఉందని చూపించే ఆధారం ఆ ఒక్క అక్షరమే. అప్పుడు ఆమె చేతిలో నిఖానామా ఉండాలి, అందులో అక్షరాలు చదవగలిగేలా ఉండాలి, చదివితే అర్థం కావాలి. మఖ్మల్ పెట్టె ఆ రోజున ఆమెకు అక్కరకు రాదు.

కొన్ని ఆలోచనలు

మొదటిది, రెండు భాషల నిఖానామా. గోల్కొండ ఫర్మానాల మాదిరి ఒకే కాగితం మీద కుడివైపు ఉర్దూ, ఎడమవైపు తెలుగు. మెహర్ దగ్గర ‘వెంటనే ఇచ్చినది ఇంత, తర్వాత ఇవ్వవలసినది ఇంత’ అని తేట తెలుగులో ఉండాలి. అంకెల్లో, అక్షరాల్లో, పాత పద్ధతి ప్రకారం సగం లెక్కతో సహా రాస్తే ఇంకా మంచిది. ఖాజీ సాహెబ్ సియాహా పుస్తకంలో రాసేది ఎలాగూ రాస్తారు. ఈ కాగితం దానికి తోడుగా, అదే వివరంతో, అవే సంతకాలతో ఉంటుంది. షరతులేమైనా రాయదలిస్తే ముందుగానే ఆలింలను, వకీలును సంప్రదించి ఇరువైపులవారూ ఒప్పుకుని రాసుకోవాలి.

రెండవది, ఆ కాగితానికి అందం. కార్డుల ఖర్చులో కొంత తగ్గించి, మిగిలిన దానితో ఒక కాతిబ్ సాహెబ్ చేత నిఖానామా రాయించండి. అంచుకు సన్నని పూలతీగ, లేదా లేత అబ్రీ రంగు చాలు. కలం పట్టుకున్న చేతికి గౌరవం, నాలుగు రూపాయలు దక్కుతాయి. ఆ విద్య మరొక తరం బతుకుతుంది.

మూడవది, కాగితం, సిరా ఎంపిక. కొయ్యగుజ్జు చవక కాగితం కొన్నేళ్లకే పసుపెక్కి పెళుసవుతుంది. నూలుగుడ్డ గుజ్జుతో చేసిన చేతి కాగితం చాలాకాలం నిలుస్తుంది. పూర్వపు కాతిబ్‌లు దీపపు మసి, తుమ్మజిగురు కలిపి సిరా చేసుకునేవారు. మసి సిరా వెలిసిపోదు. ముఖ్యమైన పత్రానికి లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ అతుక్కుంటే కాగితాన్ని మళ్లీ విడదీయడం కష్టం. గుడ్డసంచిలోనో, మంచి కాగితపు కవరులోనో, తేమ తగలని చోట మడత లేకుండా ఉంచండి.

నాలుగవది, ఒక్క ఆకు రుక్కా. పాత మర్యాద మాటలు అలాగే ఉంచి, పక్కన తెలుగు వేయండి. ఆయతులు వద్దు. హిజ్రీ తేదీ, ఇంగ్లీషు తేదీ రెండూ వేయండి. అమ్మాయి పేరు వేయడానికి ఇంటివారికి అభ్యంతరం లేకపోతే తప్పక వేయండి. వెనుకవైపు మన ఊరి నమాజు వేళల పట్టిక అచ్చువేస్తే ఆ కార్డు ఏడాది పొడుగునా గోడ మీద ఉంటుంది. దగ్గరివారికి కార్డుతో పాటు చిన్న కాగితపు పొట్లంలో రెండు ఇలాయిచీలు పెట్టి స్వయంగా అందిస్తే పాత పిలుపు మళ్లీ బతికినట్టే.

అయిదవది, సామాను ఫెహరిస్తు. పెళ్లికి వధూవరులకు ఇచ్చిన కానుకల జాబితాలు రాసి ఉంచాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. వస్తువు పేరు, విలువ, ఇచ్చినవారి పేరు రాసి వధూవరులు సంతకం చేయాలి. అడిగి పుచ్చుకునే కట్నం చట్టంలోనూ నిషిద్ధమే, షరీఅతులోనూ దానికి చోటులేదు. స్వచ్ఛందంగా ఇచ్చిన దాన్ని మాత్రం రాయించడంలో సిగ్గుపడవలసినది లేదు.

ఆరవది, సెహ్రా స్థానంలో ఒక దువా పత్రం. అమ్మానాన్నలు కూతురికి, కొడుక్కి తమ సొంత మాటల్లో, సొంత చేతిరాతతో ఒక పేజీ రాసి ఇవ్వండి. తెలుగైనా సరే, ఉర్దూ అయినా సరే. ఇంట్లో ఎవరికైనా కవిత్వం వస్తే సెహ్రా కూడా రాయించండి. కొన్నేళ్ల తర్వాత అల్మారాలో దొరికినప్పుడు ఆ పేజీ విలువ తెలుస్తుంది.

ఏడవది, పెళ్లి సంచి. ఒక గుడ్డసంచి కుట్టించి అందులో నిఖానామా, సియాహా నకలు, ఫెహరిస్తు, ప్రభుత్వ వివాహ నమోదు పత్రం పెట్టి అమ్మాయి చేతికివ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం 2002లో వచ్చింది. పాస్‌పోర్టుకు, వీసాకు, పింఛనుకు ఆ పత్రం అడుగుతారు. అన్నిటి నకళ్లు అమ్మాయి పుట్టింట్లో ఒక జత ఉండాలి.

పెద్దలకు ఒక మనవి

ఇందులో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మన సంఘం పూనుకుంటే ఉలమాలు, ఖాజీ సాహెబులు, తెలుగు బాగా తెలిసిన ఉపాధ్యాయులు, ఒక వకీలు కలిసి రెండు భాషల నిఖానామా నమూనా ఒకటి తయారుచేయవచ్చు. దాన్ని అచ్చువేయించి, పెళ్లి చేసే ప్రతి సభ్యుడికి సంఘం తరఫున కానుకగా ఇవ్వవచ్చు. నిఖాకు రెండు రోజుల ముందే అమ్మాయి చేతికి ఆ నమూనా వెళ్లాలి. ఆమె తీరిగ్గా చదువుకోవాలి, అడగవలసింది అడగాలి. సభలో ముసుగులోంచి చెయ్యి చాచే నాటికి తాను దేని కింద సంతకం పెడుతున్నదో ఆమెకు తెలిసి ఉండాలి.

సూరత్ తండ్రులు 400 ఏళ్ల కిందట తమ కూతుళ్ల కోసం ఆలోచించారు. గోల్కొండ సుల్తానులు రైతుకు అర్థమయ్యే భాషలో రాయించారు. ఆ రెండు మంచి పనులను కలిపి ఒక్క కాగితం మీదికి తేవడం మన వంతు. అల్లాహ్ మన పిల్లల కాపురాలను చల్లగా ఉంచుగాక, మన రాతలను న్యాయంగా ఉంచుగాక. ఆమీన్.